మాస్టారికో ఓటు, కండక్టరమ్మకో ఓటు

ఆ కాలింగ్ బెల్ మీద మా ఇద్దరి వేళ్ళూ ఒకేసారి పడ్డాయి.

నిజానికి నా వేలే ముందు పడింది. ఆమె ఈ రోజుకీ ఒప్పుకోదు, అది వేరే విషయం.

లిఫ్టు లేని బిల్డింగు, మూడో అంతస్తు. నేను పైకి వచ్చేశాను గానీ నా ఊపిరి ఇంకా రెండో అంతస్తులోనే ఉంది. చంకలో కరపత్రాల కట్ట, చొక్కా మీద పసుపు బ్యాడ్జి. పక్కన నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి. ఆమె చంకలోనూ ఒక కట్ట.

"చెయ్యి తియ్యండి," అంది.

"మీరే తియ్యండి. ముందొచ్చింది నేను."

"నేను నాలుగో అంతస్తు పూర్తి చేసుకుని దిగుతున్నాను. మీరేమో ఇప్పుడే ఎక్కుతున్నారు. సీనియారిటీ ఎవరిది?"

నాది కళ్ళజోళ్ళ షాపు. రోజుకి పాతికమంది కళ్ళలోకి తేరిపార చూడటమే నా ఉద్యోగం. ఎవరికి ఏ అద్దం కావాలో చూడగానే చెప్పేస్తానని కాస్త గర్వం కూడా ఉంది. ఈమె కళ్ళకి ఏ అద్దమూ అక్కర్లేదని వెంటనే తెలిసిపోయింది. తేడా ఏదైనా ఉంటే అది నా చూపులోనే మొదలయ్యేలా ఉంది.

తలుపు తెరుచుకుంది. డెబ్బై దాటిన మామ్మగారు. ముక్కు మీంచి జారిపోతున్న కళ్ళజోడు పైకి తోసుకుంటూ మా ఇద్దర్నీ, మా రెండు కట్టల్నీ చూశారు.

"ఇద్దరూ లోపలికి రండి. విడివిడిగా వస్తే రెండుసార్లు లేచి తలుపు తియ్యాలి. నా మోకాళ్ళకి అంత ఓపిక లేదు."

ఒకే సోఫా. నేను ఈ చివర, ఆమె ఆ చివర. మధ్యలో రెండు కట్టల కరపత్రాలు.

"మేయర్‌గా ఎవరికి ఓటెయ్యాలో చెప్పడానికేగా వచ్చారు? చెప్పండి. కానీ ఒక షరతు," అన్నారు మామ్మగారు. "మీ మనిషి గురించి మీరు చెప్పకూడదు. అబ్బాయి కండక్టరమ్మ గురించి మంచి చెప్పాలి. అమ్మాయి మాస్టారి గురించి మంచి చెప్పాలి."

ఇద్దరం గుడ్లప్పగించి చూశాం.

"చెప్పలేకపోతే ఆ తలుపు తీసే ఉంది."

నేనే మొదలుపెట్టాను. "కండక్టరమ్మగారు ఇరవై ఎనిమిదేళ్ళు ఈ ఊరి బస్సులో పనిచేశారు. ఏ స్టాపులో ఎవరు ఎక్కుతారో, ఎవరు రెండు నిమిషాలు లేటుగా పరిగెత్తుకొస్తారో అన్నీ ఆమెకి తెలుసు. నేను స్కూలుకెళ్ళేటప్పుడు నిద్రపోతే, నా స్టాపు రాగానే చెవి మెలేసి లేపేవారు. దింపాక బ్యాగు భుజానికి సరిచేసేవారు కూడా."

పక్క చివర నుంచి చిన్న నవ్వు వినిపించింది.

"ఇక నువ్వు చెప్పమ్మా."

"మాస్టారు నాకు లెక్కలు చెప్పారు," అంది ఆ అమ్మాయి. "రెండుసార్లు ఫెయిల్ చేశారు. మూడోసారి సెలవుల్లో వాళ్ళింటికి పిలిపించి, నెలరోజులు కూర్చోబెట్టి పాస్ చేయించారు. రిజల్టు చూసి నాకంటే ముందు ఆయనే కళ్ళు తుడుచుకున్నారు."

"అంటే మీరు మా నాన్న స్టూడెంటా?" నా నోటి నుంచి వచ్చేసింది.

"మీ నాన్నా?" ఆమె చటుక్కున నావైపు తిరిగింది. "కండక్టరమ్మ మా మేనత్త!"

మామ్మగారు హాయిగా నవ్వేశారు. "నా ఓటు ఎవరికో చెప్పను. మార్కులు మాత్రం అమ్మాయికే ఎక్కువ."

లేవబోతూ ఆగాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ జారింది. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, జోడు అడిగి తీసుకుని, రెండు వైపులా బిగించి ఇచ్చాను.

నాలుగో అంతస్తు సంగతే మరిచిపోయి మెట్లు దిగుతుంటే వెనక నుంచి గొంతు. "అది ఓటర్లకి ప్రలోభం. ఎన్నికల అధికారికి చెప్తాను."

"స్క్రూ బిగించడం ప్రలోభమా?"

"ఒక్కో స్క్రూకి ఒక్కో ఓటు. నేను లెక్కపెట్టాను."

"లెక్కల్లో రెండుసార్లు ఫెయిలైనవాళ్ళ మాట అధికారి నమ్మడు."

ఆమె టోపీ తీసి నా వీపు మీద ఒక్కటి వేసింది. అలా మొదలైంది.

*

అప్పటిదాకా ఉన్న మేయరు పదిహేనేళ్ళు కుర్చీ వదల్లేదు. ఆయన వయసు మీరి తప్పుకోగానే, ఊరికి రెండు మంచి పేర్లు తట్టాయి. ఒకటి మా నాన్న, రిటైరైన హెడ్మాస్టరు. గుట్ట మీది వీధులకి కుళాయి నీళ్ళు ఎక్కించాలన్నది ఆయన పంతం. రెండోది కండక్టరమ్మ. అదే గుట్ట వీధులకి చిన్న బస్సులు ఎక్కించాలన్నది ఆవిడ పంతం. ఇద్దరి వెనకా డబ్బున్నవాళ్ళు లేరు. ఉన్నవి కాళ్ళు. తిరిగిన ఇళ్ళే బలం.

నాన్న ప్రచారం నడిపేది మా మామయ్య. అమ్మకి తమ్ముడు. ఫంక్షన్లకి మైకులు, కుర్చీలు అద్దెకిస్తాడు. మైకు చేతిలో ఉంటే ప్రపంచాన్ని గెలవొచ్చని ఆయన నమ్మకం. ఇళ్ళకి తిరిగేది నేను. పొద్దున షాపు తెరిచేలోపు రెండు వీధులు, సాయంత్రం మరో రెండు.

కండక్టరమ్మకి ఇళ్ళు తిరిగేది ఆ అమ్మాయి. ఆమె డ్రైవింగ్ టీచరు. ఆమె కారులో రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళకి, ఒకటి ఆమెకి. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆమే. కాబట్టి ఏ గుమ్మం దగ్గరికెళ్ళినా, "అయ్యో, మా డ్రైవింగ్ మేడం నిన్ననే వచ్చి వెళ్ళిందే!" అన్న మాటే.

ఎదురుపడిన ప్రతిచోటా పోట్లాటే. గోడ మీద పోస్టరుకి చోటు దగ్గర, పార్కు బెంచీ దగ్గర, టీ కొట్టు దగ్గర.

"మీ కరపత్రంలో తప్పుంది," అంది ఒకసారి టీ కొట్టులో. "'అభివృద్ధి'కి వత్తు లేదు. అభివృది అని పడింది."

"మా మామయ్య అచ్చు వేయించాడు."

"మాస్టారి కరపత్రంలో వత్తు పోవడమేంటండీ! చూస్తే ఆయన ఎర్ర పెన్ను తీస్తారు."

"అందుకే ఆయనకి ఇంకా చూపించలేదు."

నవ్వి నవ్వి ఆమె కప్పులో టీ ఒలికింది. ఆ నవ్వు చూడటానికి నేను రోజూ ఒక వత్తు వదిలేయడానికైనా సిద్ధమే అనిపించింది.

*

పోలింగ్‌కి తొమ్మిది రోజులుండగా వాన పట్టుకుంది.

గుట్ట మీద మూడో వీధిలో ఉన్నాను. ముందు నాలుగు చినుకులు పలకరించాయి. సరే, ఈ వీధి పూర్తిచేద్దాం అనుకునేసరికి ఆకాశం మొత్తం నామీద బోర్లించేసింది. కరపత్రాలు చొక్కా లోపల దాచుకున్నాను. చొక్కా తడిసి, నాన్న మొహం నా పొట్టకి అతుక్కుపోయింది.

పక్కన కారు ఆగింది. అద్దం జానెడు దిగింది.

"ఎక్కండి."

"ప్రత్యర్థి కారులోనా? చూసినవాళ్ళేమనుకుంటారు?"

"మీరు తడిసి జ్వరమొచ్చి మంచాన పడితే సానుభూతి ఓట్లన్నీ మీ నాన్నగారికి పోతాయి. అలా జరగనివ్వను. ఎక్కండి."

ఎక్కాను. ఆమె ఇచ్చిన తువ్వాలుతో నన్ను కాకుండా కరపత్రాల్ని తుడిచాను. ఆమె అది గమనించింది.  ఒక చూపు చూసింది. ఆ చూపుకి నా దగ్గర కొలత లేదు.

వాన తగ్గేదాకా గుట్ట మలుపులో ఆగాం. అద్దాల మీద నీళ్ళు జారుతుంటే కింద ఊరంతా చెరిపి మళ్ళీ గీసినట్టుంది.

"ఇక్కడ చూడండి," అని చేత్తో చూపించింది. "బస్సు ఇక్కడిదాకా రావాలంటే కింద మార్కెట్ మూల దగ్గర తిరగాలి. అక్కడ నాలుగు షాపులు అడ్డం. వాటిని ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలోకి జరిపితే చాలు. అత్త ఆ నలుగుర్నీ కూర్చోబెట్టి అడగాలనుకుంటోంది. వాళ్ళు సరేనంటేనే. కాదంటే ఇంకో దారి వెతుకుతుంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీకెందుకు చెప్తున్నానో నాకూ తెలీదు."

"మంచి ఆలోచన. మా నాన్న వింటే మెచ్చుకుంటారు."

"మీరు ఎవరి పక్కనండీ అసలు?"

"నాన్న పక్కనే. కానీ కళ్ళున్నవాణ్ణి కదా, మంచి కనిపిస్తే చూడకుండా ఉండలేను."

ఆమె స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ బయటికి చూసింది. వాన తగ్గింది. ఇద్దరం మాత్రం మరో పది నిమిషాలు తగ్గనట్టే కూర్చున్నాం.

*

తప్పు నాదే. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరు జారాను.

మనసు నిండుగా ఉన్నప్పుడు నోటికి తలుపుండదు. "నాన్నా, కండక్టరమ్మగారి ఆలోచన వినండి. ఎంత పద్ధతిగా ఉందో!" అంటూ ఆ నాలుగు షాపుల సంగతీ చెప్పేశాను. నాన్న తలూపి, "ముందు అడుగుతానందా? బాగుంది," అన్నారు. అమ్మ నావైపు ఒకలా చూసి నవ్వుకుంది. మామయ్య ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమే నేను గమనించవలసిన సంగతి. గమనించలేదు.

బుధవారం పొద్దున షాపులో ఒక పెద్దాయనకి కళ్ళు పరీక్ష చేస్తున్నాను. ఆయన ఒక కన్ను మూసుకుని గోడ మీది బోర్డు చదువుతున్నాడు. తలుపు విసురుగా తెరుచుకుంది.

ఆమె లోపలికొచ్చి బోర్డుకి అడ్డంగా ఒక కరపత్రం పట్టుకుంది. పసుపు కాగితం.

"ఇది చదవండి. పెద్ద అక్షరాలే."

'కండక్టరమ్మ గెలిస్తే మార్కెట్ నేలమట్టం! రెండు వందల షాపులు ఖాళీ! మీ పొట్ట మీద బస్సు!'



"మార్కెట్లో పొద్దుటి నుంచీ గోల," అంది ఆమె. గొంతు వణకలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "ముప్ఫై ఏళ్ళుగా అత్తని పేరు పెట్టి పిలిచినవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. మీరు రాశారా?"

"లేదు."

"మీరు చెప్పారా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆమె కళ్ళు నామీదే ఉన్నాయి.

"చెప్పాను. ఇంట్లో. మీ అత్తయ్య ఆలోచన బాగుందని చెప్పాను."

"బాగుందని చెప్పి కొంప ముంచారు," అంది. "నేను ఒక్కరికే చెప్పాను. ఆ ఒక్కరూ మీరే."

కరపత్రాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తలుపు నెమ్మదిగా వేసింది. విసిరికొట్టి ఉంటే బాగుండేది.

పెద్దాయన ఇంకా ఒక కన్ను మూసుకునే ఉన్నాడు. "బాబూ, కింద లైను చదవనా, వద్దా?"

*

ఇంటికెళ్ళేసరికి వరండాలో మామయ్య నాన్నకి జేజేలు పలుకుతున్నాడు. "బావగారూ, ఇక మనకి తిరుగులేదు. మార్కెట్ మొత్తం మనదే!"

నేను కరపత్రం నాన్న చేతిలో పెట్టాను. "ఆదివారం నేను చెప్పిన నాలుగు షాపులే, ఇక్కడ రెండు వందలయ్యాయి."

నాన్న చదివారు. మళ్ళీ చదివారు. ఎర్ర పెన్ను తీసి, 'రెండు వందల' కింద గీత గీశారు. 'నేలమట్టం' కింద ఇంకో గీత. చివర పెద్ద సున్నా చుట్టారు.

"ఎవరు రాశారిది?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎన్నికలన్నాక కొంచెం మసాలా ఉంటుంది బావగారూ. అవతలివాళ్ళు మాత్రం..."

"అవతలివాళ్ళు ఏం రాశారు?"

"ఏమీ రాయలేదనుకోండి. రాస్తారేమోనని మనం ముందే..."

"రేపు పొద్దున ఏడింటికి మార్కెట్‌కి వెళ్తున్నాను," అన్నారు నాన్న. "ఇది అబద్ధమని చెప్పడానికి."

"బావగారూ! నాలుగు రోజుల్లో పోలింగ్! మీ చేత్తో మీరే ఓట్లు చింపేసుకుంటారా? అలాగైతే నా మైకులు, నా కుర్చీలు తీసుకుపోతా!"

"తీసుకుపో."

మామయ్య నిజంగానే తీసుకుపోయాడు. ఆటోలో కుర్చీలెక్కిస్తూ నావైపు తిరిగి, "అల్లుడూ, ఇదంతా నీ నోటి చలవే!" అని అరిచాడు. ఆ ఒక్క మాటలో అబద్ధం లేదు.

మర్నాడు మార్కెట్ మధ్యలో, కూరల బుట్టల నడుమ నాన్న నిలబడ్డారు. మైకు లేదు. ముప్ఫై ఏళ్ళు యాభై మంది పిల్లల మీద నిలబడిన గొంతు అది.

"నా పేరు మీద పంచిన ఈ కాగితం అబద్ధం. మార్కెట్ ఎవరూ తియ్యరు. కండక్టరమ్మ అలా అనలేదు. ఇది మా వైపు నుంచే వచ్చింది. ఆమెకీ మీకూ క్షమాపణ చెప్తున్నాను. నాకు ఓటు వెయ్యాలనుకుంటే కుళాయి నీళ్ళ కోసం వెయ్యండి. భయపడి మాత్రం వెయ్యొద్దు."

కొందరు చప్పట్లు కొట్టారు. చాలామంది కొట్టలేదు. ఒకతను, "అంటే మాస్టారి మనుషులు అబద్ధాలు అచ్చేస్తారన్నమాట!" అన్నాడు గట్టిగా. నాన్న తల దించుకోలేదు. "ఈసారి వేశారు," అన్నారు.

*

మార్కెట్లో చెప్పింది మార్కెట్‌కే వినపడింది. కాగితం మాత్రం గుట్ట వీధులన్నిటికీ చేరింది. షాపుకి తాళం వేసి నేను గుట్ట ఎక్కాను.

ప్రతి గుమ్మం దగ్గరా అవే మాటలు. "నమస్కారమండీ. మీకిచ్చిన పసుపు కాగితం అబద్ధం. మావాళ్ళే వేశారు. ఆ మాట బయటపడటానికి కారణం నేను. క్షమించండి. ఓటు మాత్రం మా నాన్నకే వెయ్యమని అడుగుతున్నాను."

సగంమంది నవ్వారు. కొందరు తలుపు మొహం మీదే వేశారు. ఒకావిడ పూర్తిగా విని, "నిజం చెప్పావు కాబట్టి చెప్తున్నా, నా ఓటు ఇంతవరకూ మీ నాన్నకే. ఇప్పుడు కండక్టరమ్మకి," అంది. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

వీధిలో కారు ఆగి ఉంది. ఆమె బానెట్‌కి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"మీరు ఇలా తిరుగుతున్నారని ఎవరో చెప్తే నమ్మలేక వచ్చాను. ఎన్ని ఇళ్ళయ్యాయి?"

"నలభై రెండు."

"ఎన్ని ఓట్లు పోయాయి?"

"లెక్కపెట్టలేదు."

"నేను లెక్కపెట్టాను. వెనక నుంచి వింటున్నాను. చివరి ఆరిళ్ళలో నాలుగు పోయాయి." కట్టుకున్న చేతులు విప్పింది. "మాస్టారు చెప్పారుగా. ఇక చాలదా?"

"ఆయన తనది కాని తప్పుకి క్షమాపణ చెప్పారు. నా తప్పు నేనే చెప్పుకోవాలి. మీకు కూడా. మీరు నమ్మి చెప్పిన మాటని నాలో ఉంచుకోలేకపోయాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లక, ముందు ఈ ఇళ్ళన్నీ పూర్తిచేద్దామనుకున్నాను."

 ఆమె కారులోంచి తన నీలం కట్ట తీసింది.

"పదండి. ఎలాగూ మీరు తట్టే ప్రతి తలుపూ మాకే లాభం. నేను లేకపోతే ఎలా?"

ఆ రోజూ మర్నాడూ ఊరు ఒక వింత చూసింది. ఒకే గుమ్మం ముందు పసుపు బ్యాడ్జి, నీలం టోపీ. నేను క్షమాపణ చెప్పి నాన్నకి ఓటడగడం, ఆమె వెంటనే, "ఈయన చెప్పింది నిజమేనండీ, అందుకే మా అత్తకి వెయ్యండి," అనడం. ఎండలో తిరిగి తిరిగి నా చెప్పు తెగితే, ఆమె తన టోపీలోంచి పిన్నీసు తీసిచ్చింది.

"ఇది ప్రలోభం కాదా?"

"ప్రత్యర్థికి పిన్నీసు ఇవ్వడం జాలి."

ఆఖరి ఇల్లు అయ్యేసరికి సాయంత్రం అయిదు. ప్రచారం ముగిసే సమయం. గుట్ట మెట్ల మీద కూలబడ్డాం. ఆమె నా చెప్పుల్నీ, మాసిన చొక్కానీ చూసి నవ్వింది.

"నీకు పిచ్చి," అంది.

'మీకు' కాదు. 'నీకు.' రెండు రోజుల్లో వందమంది నన్ను తిట్టారు. ఇంత బాగా ఎవరూ తిట్టలేదు.

"ఒక మాట చెప్పనా?" అన్నాను.

"వద్దు. కౌంటింగ్ అయ్యేదాకా ఒక్క ముక్క మాట్లాడకు. ఇప్పుడేం చెప్పినా జనం పొత్తు కుదిరిందంటారు."

*

కౌంటింగ్ కాలేజీ హాల్లో జరిగింది. మధ్యాహ్నానికి ఫలితం తేలింది. అరవై మూడు ఓట్ల తేడాతో కండక్టరమ్మ గెలిచింది.

మామయ్య ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. "అరవై మూడు! బావగారూ, ఆ మార్కెట్ ఉపన్యాసం ఇవ్వకపోతే గెలిచేవారు!"

"గెలిచేవాడు ఇంకెవడో అయ్యేవాడురా," అన్నారు నాన్న. "నేను కాదు."

లేచి, చొక్కా సరిచేసుకుని, హాలు అవతలికి నడిచారు. కండక్టరమ్మ చుట్టూ ఉన్న జనం తప్పుకున్నారు. నాన్న చేతులు జోడించారు. ఆవిడ ఆ రెండు చేతుల్నీ పట్టుకుంది.

"మాస్టారూ, మీరు మార్కెట్లో నిలబడిన రోజు నేను మూల నుంచి చూశాను. మీకే ఓటెయ్యాలనిపించింది. ఆగాను," అంది నవ్వుతూ. "ఇప్పుడు చెప్పండి. బస్సులు ఎక్కించడం నాకు తెలుసు. నీళ్ళు ఎక్కించడం తెలీదు. ఆ పని ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాను. సోమవారం పదింటికి వస్తాను," అన్నారు నాన్న. "మీటింగుకి ఎవరూ లేటుగా రాకూడదు."

ఆవిడ పక్కనే ఆమె నిలబడి ఉంది. నావైపు చూసింది. ఆ జనంలో, ఆ గోలలో ఒక్క మాటా కుదరలేదు.

ఇంటికొచ్చాక నాన్న కుర్చీలో వాలి, "అరవై మూడు. ఎవరా అరవై మూడు మంది?" అన్నారు.

"అందులో ఒకటి నాది," అంది అమ్మ నీళ్ళ గ్లాసు అందిస్తూ.

గ్లాసు గాలిలోనే ఆగింది. "నువ్వా?"

"ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందర్నీ చూసుకున్నారు. ఇంకో అయిదేళ్ళు ఊరు మొత్తాన్ని చూసుకుంటే నన్నెప్పుడు చూస్తారు? నీళ్ళ పని చెయ్యండి, చాలు. సాయంత్రాలు మాత్రం నావి."

నాన్న గ్లాసు అందుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడటం నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూశాను.

అమ్మ నావైపు తిరిగింది. "నీ సంగతి? భోజనాల దగ్గర కండక్టరమ్మ ఆలోచన గురించి చెప్తూ నువ్వు వెలిగిపోయింది బస్సుల గురించేనా?"

"కాదమ్మా."

"తెలుసు. వెళ్ళి ఆ పిల్లని అడుగు. మీ నాన్న ఒప్పుకున్నారు."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అన్నారు నాన్న.

"ఇప్పుడే. ఇంకా అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

ఆయన గ్లాసు చూసుకుంటూ, "లెక్కలు బాగా వచ్చిన పిల్ల కాదు. కానీ పట్టుదల ఉంది," అన్నారు.

*

ఎన్నికలయ్యాక గోడలు శుభ్రం చెయ్యాలన్నది రెండు పక్షాలూ ముందే ఒప్పుకున్న మాట. మర్నాడు పొద్దున బకెట్టు, చీపురు, గీకే రేకు పట్టుకుని గుట్ట దగ్గరికి వెళ్ళాను. ఆమె అప్పటికే అక్కడుంది. చీర కొంగు నడుముకి దోపుకుని గోడ మీద నీళ్ళు చల్లుతోంది. చీరలో ఆమెని చూడటం అదే మొదలు. బకెట్టు కాలి మీద పెట్టుకున్నాను.

"అబ్బా!"

"చూసి పెట్టుకో. కళ్ళ డాక్టరువి."

"కళ్ళ డాక్టరుని కాదు, కళ్ళజోళ్ళవాణ్ణి. కౌంటింగ్ అయిపోయింది. ఇప్పుడు మాట్లాడొచ్చా?"

ఆమె రేకు తీసుకుని పోస్టరు మూల గీకడం మొదలుపెట్టింది. "మాట్లాడు."

ఎన్ని గుమ్మాల ముందు ఎంత ధైర్యంగా మాట్లాడాను! అదే గొంతు ఇప్పుడు ఎటో పోయింది. అయినా ఆగలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం. నీ మాట జారవిడిచాను, ఇంకెప్పుడూ జారవిడవను. నీతో రోజూ పోట్లాడాలని ఉంది. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

రేకు ఆగింది. ఆమె ఇంకా గోడవైపే చూస్తోంది. మెడ వెనక మాత్రం రంగు మారింది.

"అత్తకి నిన్ననే చెప్పాను," అంది.

"ఏమని?"

"నువ్వు అడుగుతావని. అడక్కపోతే నేనే అడుగుతానని."

"అత్తయ్యగారు ఏమన్నారు?"

"'ఓడిపోతామని తెలిసీ నిజం చెప్పిన ఇల్లు. అక్కడికి వెళ్తానంటే కాదనడానికి నేనెవర్ని?' అంది. తర్వాత కాసేపు ఏడ్చింది. గెలిచినప్పుడు కూడా ఏడవలేదు."

"మరి నువ్వేమంటావు?"

ఆమె నావైపు తిరిగింది. బుగ్గ మీద తడి కాగితం ముక్క అతుక్కుంది. చెయ్యి చాచి తీశాను. ఆమె తప్పించుకోలేదు. తీసిన చేతిని అలాగే పట్టుకుంది.

"ఇంకా పదకొండు గోడలున్నాయి," అంది. "త్వరగా గీకు. అయిదింటికి మీ ఇంటికి వస్తున్నాను. మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్పు."

"ఏమని చెప్పను?"

"కోడలు వస్తోందని."